ఎగురువాని ధర్మము, ఆపువాని ధర్మము

వాల్మీకి రామాయణమున కిష్కింధాకాండలోని సంపాతి వృత్తాంతమును చదివినవారు సామాన్యముగా రెండు సంగతులను జ్ఞాపకముంచుకొందురు. తమ్ముడైన జటాయువును సూర్యతాపమునుండి కాపాడబోయి అతడు తన రెక్కలు కాల్చుకొన్నాడనుట ఒకటి. సముద్రతీరమున నిరాశులై కూర్చున్న వానరులకు సీత లంకలో నున్నదని చెప్పినాడనుట మరియొకటి. కథావేగములో మనము దాటిపోవు చోట, ఆ వృద్ధగృధ్రము ఆకాశమును అంతస్తులుగా విభజించి చెప్పిన ఘట్టమొకటి గలదు. అన్నిటికంటె క్రింది త్రోవ కులింగములకును, ధాన్యము తిని బ్రతుకు తక్కిన పక్షులకును, దాని పైది కాకులకును, చెట్ల ఫలములు తినువానికిని, మూడవది భాస క్రౌంచ కురరములకు, నాలుగవది డేగలకు, ఐదవది రాబందులకు, ఆరవది హంసలకు, వాని కన్నిటికిని మీదిది వైనతేయుల గతి. ఈ విభాగమును శాసించిన రాజెవడును ఆ కథలో లేడు. ఏ పక్షి దేహబలమెంతయో, ఆహారమెట్టిదో, చూపు ఎంతదూరమానునో, దానినిబట్టియే దాని త్రోవ ఏర్పడినది. ఆకాశము విశాలమే గాని అరాచకము కాదని ఆదికవి ఆ కొద్ది శ్లోకములలో సూచించినాడని నా నమ్మకము.

ఆ అంతస్తులలోనికి ఇప్పుడొక క్రొత్త సంచారి ప్రవేశించినది. దానికి ఆకలి లేదు, గూడు లేదు, పిల్లలు లేవు. అలసట యనదగినది బ్యాటరీ తరిగిపోవుట యొక్కటే. నేలమీద నిలిచిన పడుచువాడొకడు రిమోటు చేతబట్టి, తన దేహమును క్రిందనే యుంచి, చూపును మాత్రము పైకి పంపుచున్నాడు. పెండ్లిండ్ల చిత్రీకరణకును, వరిపొలములకు మందు కొట్టుటకును డ్రోనుల నెగురవేయువారు జీవనోపాధికై చేయుచున్నారు. వారి సంగతి నేనిచట ముట్టను. కేవలము ముచ్చటకొరకు, తన ఊరిని, తన చెరువును, తాను నడిచిన గట్టును పైనుండి ఒక్కమారు చూడవలెనను కుతూహలముకొరకు ఎగురవేయువానిని గూర్చియే నా ఆలోచన. ఆ కుతూహలము చాల ప్రాచీనమైనది, నిర్మలమైనది. పుష్పకమునుండి సీతకు నేలను చూపుచు వచ్చిన రామునియందు మన పూర్వులు సంతోషముతో చూచినది ఆ కుతూహలమునే.

పక్షికి దేహమే హద్దు నేర్పినది. యంత్రమునకు ఆ హద్దు లేదు గనుక మనుష్యుడు వ్రాసిపెట్టవలసి వచ్చినది. 2021 ఆగస్టు 25న కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన డ్రోను నియమావళి బరువునుబట్టి యంత్రములను, ప్రదేశమునుబట్టి ఆకాశమును విభజించినది. 250 గ్రాములకు మించనిది నానో, 2 కిలోలవరకు మైక్రో, 25 కిలోలవరకు చిన్నది, 150 కిలోలవరకు మధ్యమము, ఆపైన పెద్దది. ఆకాశమునకు మూడు రంగులు. ఎరుపు మండలమున కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగురరాదు. పసుపు మండలమునకు విమాన సంచారమును నియంత్రించు అధికారుల అనుమతి కావలెను. పచ్చని మండలమున 400 అడుగుల యెత్తువరకు ముందుగా ఎవరి అనుమతియు అక్కరలేదు. విమానాశ్రయపు సరిహద్దునుండి 8 మొదలు 12 కిలోమీటర్ల నడుమ ఆ 400 అడుగులు 200 అడుగులగును. నానో యంత్రమును ఎగురవేయువానికిని, వ్యాపారము కాని పనికి మైక్రో యంత్రమును ఎగురవేయువానికిని పైలట్ ధ్రువపత్రముతో పని లేదు. నియమములను మీరినచో లక్ష రూపాయలవరకు జరిమానా. ఏ చోటు ఏ రంగో చూపు పటమును డిజిటల్ స్కై అను వేదికపై ఎవరైనను చూడవచ్చును.

ఒక సన్నివేశమును ఊహింతము. సిద్దిపేట ప్రాంతమున ఒక ఊరిచెరువు, వానలు వెనుకబట్టి నిండుగా నున్నది. ఆదివారము ఉదయమున ఒక విద్యార్థి గట్టుపై నిలిచి 249 గ్రాముల డ్రోనును లేపినాడు. ఆ బరువు యాదృచ్ఛికము కాదు. చట్టము గీచిన 250 గ్రాముల గీతకు ఒక్క గ్రాము లోపల నుండునట్లు డీజేఐ మినీ వంటి యంత్రములు ఆ లెక్కతోనే తయారైనవి. కుర్రవాడు పటము చూచుకొన్నాడు, అది పచ్చని మండలమే. మోటారు సైకిలుపై పోవుచున్న కానిస్టేబు లొకడు బండి నిలిపి, “ఏం బాబూ, పర్మిషనుందా?” అని అడిగినాడు. “ఇది గ్రీన్ జోన్ సార్, పర్మిషన్ అక్కర్లేదు.” “జోన్లు గీన్లు నాకెరుకలేదు. ముందు కిందికి దించు. డ్రోన్లు కనబడితే స్టేషన్‌కు తెమ్మని ఎస్సై సార్ చెప్పిండు.”

వారిద్దరిలో అసత్యమాడినవాడు లేడు. కుర్రవాడు చెప్పిన నియమము నిజము. కానిస్టేబులు చెప్పిన ఆజ్ఞయు నిజము. ఇట్టి ఘర్షణ మన దేశమున నిత్యము ఏదో ఒక మూల జరుగుచునే యుండును. సాధారణముగా బలవంతుని మాటయే చెల్లి, బలహీనుడు యంత్రమును సంచిలో పెట్టుకొని ఇంటికి పోవుటతో ముగియును. కాని ఆ గట్టుమీద తేలకుండ మిగిలిపోయిన ప్రశ్న చిన్నది కాదు. ఆకాశమున “వద్దు” అను మాట పలుకు అధికారము ఎవనికి, ఎచ్చటనుండి సంక్రమించినది?

నేల యెవనిదో దానిపై ఆకాశము సైతము స్వర్గపర్యంతము వానిదే యను సూత్రమొకటి పాశ్చాత్య న్యాయశాస్త్రమున చిరకాలము వ్యవహారములో నుండెను. విమానములు పుట్టినపిమ్మట అది నిలువలేదు. ఉత్తర కెరొలినాలో ఒక కోళ్ల రైతు, తన పాకలమీదుగా సైనిక విమానములు మిక్కిలి తక్కువ యెత్తున పోవుచుండుటవలన కోళ్లు బెదరి గోడలకు కొట్టుకొని చచ్చుచున్నవని వ్యాజ్యము వేయగా, అమెరికా సుప్రీం కోర్టు 1946లో ఆ ప్రాచీన సూత్రమునకు ఆధునిక లోకమున స్థానము లేదని చెప్పుచునే, రైతు తన నేలను అనుభవించుటకు అవసరమైనంత యెత్తు అతనిదేనని అతని పక్షమున తీర్పిచ్చినది. అంతకు రెండేండ్ల ముందు, 1944లో, షికాగోలో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక తొలి అధికరణముననే ప్రతి రాజ్యమునకు తన నేలపై ఆకాశమున సంపూర్ణాధికారము గలదని అంగీకరించినది. పైలట్ లేని విమానములనుగూర్చి సైతము అందొక అధికరణము ఉన్నది. ఈ రెండు నిర్ణయములును సత్యములే. కాని రెండును ఆకాశమును ఒక ఆస్తిగా భావించి, యజమాని యెవడని మాత్రమే అడిగినవి.

మన ఋషులు అడిగిన ప్రశ్న వేరు. బృహదారణ్యకోపనిషత్తులో జనకుని సభయందు గార్గి యాజ్ఞవల్క్యుని నిలువదీసి, ద్యులోకమునకు పైదియు, పృథివికి క్రిందిదియు, భూత భవిష్యద్వర్తమానములును దేనియందు అల్లబడియున్నవని ప్రశ్నింపగా, ఆకాశమునందని ఆయన చెప్పినాడు. ఆమె అంతటితో విడువలేదు. ఆ ఆకాశము దేనియందు అల్లబడినదని మరల అడిగినది. అక్షరమునందని సమాధానము. ఆ అక్షరము యొక్క ప్రశాసనమునందే సూర్యచంద్రులు నిలిచియున్నారు, ద్యావాపృథివులు నిలిచియున్నవి, నదులు తమ తమ దిక్కులకు ప్రవహించుచున్నవి అని ఆయన వివరించినాడు. ఈ సంవాదమును నేను చదివినప్పుడెల్ల ఒక విషయము నన్ను ఆకర్షించును. అన్నిటికిని చోటిచ్చునట్టి ఆకాశము సైతము శాసనమునకు వెలుపల లేదు. అయితే ఆ శాసనము ఎవని యిష్టానిష్టములనుబట్టియు మారునది కాదు. స్వేచ్ఛ యనగా శాసనము లేకుండుట యని తలచు కుర్రవానికిని, శాసనమనగా తన నోటి మాటయని తలచు అధికారికిని ఆ సభలో సమాధానము సమానముగనే లభించును.

ఇంక దండమును గూర్చి. శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన చరిత్రలో, కృతయుగమున రాజ్యము లేదు, రాజు లేడు, దండము లేదు, దండించువాడు లేడు. ప్రజలు ధర్మముచేతనే ఒకరి నొకరు కాపాడుకొనుచుండిరి. తరువాత మోహము పుట్టినది, లోభము పుట్టినది, అప్పుడు దండనీతి అవసరమైనది. అనగా పోలీసు ఠాణా మన సంప్రదాయ దృష్టిలో మానవ సమాజపు మూలాధారము కాదు. పరస్పర రక్షణము సడలినచోట తప్పనిసరియై వచ్చినది. దానిని ద్వేషింపనక్కరలేదు, పూజింపనక్కరలేదు. మరల బృహదారణ్యకమే దీనికి కీలకమైన మాటను చెప్పినది. బ్రహ్మము క్షత్రమును సృజించియు, వైశ్యమును సృజించియు, శూద్రమును సృజించియు చాలక, తుదకు ధర్మమును సృజించినదట. ఆ ధర్మము క్షత్రమునకు క్షత్రము, అనగా బలమును ఏలు బలము. అందుచేతనే దుర్బలుడు ధర్మమును ఆశ్రయించి బలవంతుని యెదుట నిలువగలుగుచున్నాడు. చెరువుగట్టుమీద చేత రిమోటు పట్టుకొని నిలిచిన పందొమ్మిదేండ్ల కుర్రవానికి ఇంతకంటె గొప్ప అభయము ఏ శాస్త్రమును ఈయలేదు.

ఇది ఉపనిషత్తునందే నిలిచిపోయిన ఆదర్శమని ఎవరైనను అందురేమో. 2021 నాటి నియమావళినే తీసి చూడుడు. ఏదైన ప్రదేశమున అత్యవసరముగా డ్రోనులను నిషేధింపవలసి వచ్చినచో రాష్ట్ర ప్రభుత్వమో పోలీసు శాఖయో తాత్కాలికముగా ఎరుపు మండలమును ప్రకటింపవచ్చును. కాని దానికి కట్టుబాట్లున్నవి: అది ఒక్క పర్యాయమునకు 96 గంటలకు మించరాదు, దానిని ప్రకటించు అధికారి సూపరింటెండెంటు హోదాకు తక్కువవాడు కారాదు, ప్రకటనము పటముపై అందరికిని కనబడవలెను, మండలపు విస్తీర్ణము సమంజసముగా నుండి, మితిమీరకుండ చూచుటకు ఆ అధికారి ప్రయత్నింపవలెను. కడపటి నియమమును చదివినప్పుడు నాకు నిజముగా ఆనందము కలిగినది. దండమును చేతికిచ్చుచునే, దాని పొడవును, దానిని పట్టదగిన చేతిని, పట్టవలసిన కాలమును నిర్ణయించిన శాసనమది. స్వాతంత్ర్య దినము, గణతంత్ర దినము సమీపించినప్పుడు నగరములలో పోలీసు కమిషనర్లు డ్రోనులను నిషేధించుచు ఇచ్చు ఉత్తర్వుల సంగతియు ఇట్టిదే. వానికి ఆధారమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 163వ సెక్షను, పూర్వపు 144వ సెక్షను వలెనే, ఉత్తర్వు వ్రాతమూలకముగా నుండవలెననియు, కారణభూతమైన విషయములను అందు తెలుపవలెననియు కోరుచున్నది. కారణము చెప్పని దండము ధర్మదండము కాదని మన చట్టమే అంగీకరించినదన్నమాట.

అయినను ఆ కానిస్టేబులును దుష్టునిగా చిత్రించుట అన్యాయము. 2021 జూన్ 27న జమ్మూలోని వైమానికదళ స్థావరముపై డ్రోనులతో పేలుడు పదార్థములను జారవిడిచిన ఘటన తరువాత, ఆకాశమున గిరగిర తిరుగు ప్రతి చుక్కయు రక్షకభటుని మనస్సులో శంకను రేపుట సహజము. క్రిందనుండి చూచువానికి ఆ చుక్క బరువు 249 గ్రాములో, అయిదు కిలోలో తెలియదు. అది మోయునది కెమెరాయో, మరేదియో తెలియదు. రేపు అనర్థము జరిగినచో సమాధానము చెప్పుకొనవలసినవాడు అతడు. ఆ భయమును నేను గౌరవింతును. కాని ఇంకొక సంగతియు స్మరింపదగియున్నది: ఆ దాడి జరిగిన రెండు నెలలకే కేంద్ర ప్రభుత్వము నియమములను బిగింపక సడలించినది, పత్రములను 25 నుండి 5కు, రుసుముల రకములను 72 నుండి 4కు తగ్గించినది. ప్రమాదమును ఎరిగియు రాజ్యము భయమును శాసనముగా మార్చలేదు. రాజ్యము చేయని ఆ పనిని ఠాణా గుమ్మమున నొక వ్యక్తి చేయుట, ఎంత సదుద్దేశముతోనైనను, తగదు.

కుర్రవానివైపు చూతము. పటము పచ్చగా నున్నంతమాత్రమున వాని బాధ్యత తీరదు. నా వ్యాసమున నేను అన్నిటికంటె గట్టిగా చెప్పదలచినది ఇదియే. చట్టము 400 అడుగులవరకు త్రోవ యిచ్చినది. కాని ఆ 400 అడుగులలోనే పొరుగువాని డాబా ఉన్నది, అక్కడ తల ఆరబెట్టుకొను ఆడపడుచు ఉన్నది, పెరటిలో స్నానమాడు ముసలిది ఉన్నది. వారు క్రిందినుండి రిమోటు పట్టినవాని ముఖమును చూడలేరు. వాడు వారిని చూడగలడు. ఈ అసమానత్వమే పాపబీజము. సుప్రీం కోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న ఆంతరంగికతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినమాట నిజమే. అయినను తీర్పు వచ్చి డాబాకు కాపలా కాయదు. అచట కాపలా ఎగురవేయువాని అంతఃకరణమే. సంపాతి సముద్రతీరమున కూర్చుండి నూరు యోజనముల దూరమున లంకను చూచినాడు. ఆ చూపు చెరబడిన స్త్రీకి విముక్తి మార్గము తెలిపినది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, పడవలు చేరలేని మేడలకు ఆహారపు పొట్లములను డ్రోనులే చేర్చినవి. దూరమును జయించు శక్తికి ధర్మాధర్మములు దానియందు లేవు. అది ఎవరి మేలుకై పోవుచున్నదో దానియందున్నవి.

పక్షుల మాటయు చెప్పక తప్పదు. ముచ్చటకు ఎగురు డ్రోను త్రోవ సంపాతి లెక్కలో అన్నిటికంటె క్రిందివైన ఒకటి రెండు అంతస్తులలోనిదే. అది పిచ్చుకల, కాకుల, చిలుకల ఇల్లు. నేలపట్టు పక్షుల శరణాలయములో గూడబాతులు గుడ్లు పొదుగు దినములలో వాని చెట్లపై ఈ యంత్రమును తిప్పువాడు, ఎవనికిని పట్టుబడకపోయినను, అతిథిగా వచ్చి ఇల్లు దోచినవానితో సమానుడు.

తిరుమల విషయము వేరొక కోటికి చెందినది. ఆనందనిలయముపై ఆకాశమార్గమున ఏదియు సంచరింపరాదని ఆగమములనుబట్టి భక్తులు విశ్వసింతురు. కొండపై డ్రోనులు నిషిద్ధములు. ఆ క్షేత్రముపై విమానములును ఎగురకుండ నిషేధింపవలెనని దేవస్థానమువారు కేంద్రమును పలుమార్లు కోరియున్నారు. 2023 జనవరిలో ఆలయమును పైనుండి తీసిన వీడియో ఒకటి బయటికి వచ్చినప్పుడు లక్షలమంది మనస్సులు నొచ్చినవి. దేవుడు సర్వవ్యాపి గదా, పైనుండి చూచిన నేమి దోషమని ఒక తార్కికుడు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్నలో తర్కదోషము లేదు. కాని అందు లోపించినది వినయము. కాలినడకను మెట్లెక్కి, గంటల తరబడి వరుసలో నిలిచి, తల వంచి లోనికి పోయి పొందు దర్శనమునకును, అనుమతి లేక పైనుండి లాగుకొన్న దృశ్యమునకును నడుమనున్న భేదము దేవునికి సంబంధించినది కాదు, చూచువానికి సంబంధించినది. దేవుడు తరిగిపోడు, చూచువాడు తరిగిపోవును. అందువలన ఆ కొండమీద నిషేధమునకు చట్టముతో పని లేకున్నను నేను దానిని శిరసావహింతును.

మరి చెరువుగట్టున నిలిచిన ఆ కుర్రవాడు చేయవలసినదేమి? ముందుగా యంత్రమును దించవలెను. ఆజ్ఞ పొరపాటైనను, గాలిలో నున్న వస్తువునుగూర్చి నేలమీద వాదించుట ప్రమాదము. వాదమునందు చూపు మరలిన క్షణమున అది ఎవరి తలమీదనైన పడవచ్చును. దించినపిమ్మట నిలిచి మాటాడవలెను. “సార్, మాప్ చూపిస్తాను, ఒక్క నిమిషం చూడండి, నిషేధం ఉంటే ఆర్డరు ఏదో చెప్పండి” అని అడుగుట ధిక్కారము కాదు, పౌరధర్మము. అన్యాయమైన శాసనమును బాహాటముగా ఉల్లంఘించి శిక్షను అనుభవించు త్రోవను గాంధీమహాత్ముడు మనకు చూపినాడు; కాని ఇచట శాసనము అన్యాయమైనది కాదు, తెలియబడనిది మాత్రమే. తెలియనివానితో పోరాడనక్కరలేదు, తెలియజెప్పవలెను, అవసరమైనచో పై అధికారివరకు పోయి వ్రాతమూలకముగా చెప్పవలెను. భయపడి పారిపోవువాడు తరువాత వచ్చు పదిమంది నిరపరాధులను అనుమానమునకు అప్పగించి పోవుచున్నాడు. యంత్రమును లాగుకొన్న అధికారి రసీదు ఈయకుండ పంపినచో, ఆ అధికారియు క్షత్రమునకు క్షత్రమైన ధర్మమును విస్మరించినవాడే.

ఓర్వకల్లులో డ్రోనుల నగరము నిర్మింతుమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చెప్పుచున్నది. కృష్ణాతీరమున 2024 అక్టోబరులో వేల డ్రోనులను ఒక్కమారు ఎగురవేసి లోకమును ఆశ్చర్యపరచినది. ఆ ఉత్సాహములో పదియవ వంతైనను ఠాణాల విద్యపై చూపుమని ఉభయ తెలుగు రాష్ట్రముల పోలీసు శాఖలను నేను ప్రార్థించుచున్నాను. ప్రతి ఠాణాలోను ఆ ఠాణా పరిధికి చెందిన ఆకాశపటమును, డ్రోను నియమముల ముఖ్యాంశములను తెలుగున అచ్చువేయించి గోడకు తగిలింపుడు. ఎగురవేయు యువకులారా, మీరును మీ ఊరి ఠాణాకు ఒకనాడు పిలువకయే పోయి, మీ యంత్రమును బల్లపై పెట్టి, అది ఏమి చేయగలదో ఏమి చేయలేదో అక్కడి రైటరుకును, కానిస్టేబుళ్లకును చూపి రండు.